నూట పది మీదికి జరిగిన మీట

సీఐ శివరామకృష్ణ నాకిచ్చిన గడువు పదకొండు గంటల వరకు. నేను కొలిమిగుంట సొసైటీ గోడౌన్లో అడుగు పెట్టేసరికే తొమ్మిదీ నలభై. ఆ గంటా ఇరవై నిమిషాల్లో నేనేమీ తేల్చలేకపోతే ఆయన రిపోర్టు మీద సంతకం గీకి మార్టూరు వెళ్ళిపోతాడు. ఆ తర్వాత చైతన్యకృష్ణ అనే మనిషిని వెతికే నాథుడుండడు.

జరిగింది చెప్తాను. నిన్న, అంటే నవంబరు పద్దెనిమిది మంగళవారం, ఈ గోడౌన్లో రెండు వందల మంది పత్తి రైతులు కూర్చున్నారు. ఈ ఏడు వాళ్ళ చేలల్లో పత్తి నడుమెత్తు పెరిగింది, కాయ మాత్రం పట్టలేదు. విత్తనాలు కల్తీవని అందరికీ తెలుసు, చేతిలో రుజువే లేదు. ఆ రుజువు చైతన్య తెచ్చాడు. పక్క ఊళ్ళో ఉంటూ పెళ్ళిళ్ళకు వీడియోలు తీస్తాడతను. విత్తనాల డీలరు బుల్లయ్య జిన్నింగు మిల్లులో గానుగకు పోవాల్సిన పత్తిగింజల్ని విత్తనాల సంచుల్లో నింపుతుంటే చాటుగా కెమెరాలోకి ఎక్కించాడు. వ్యవసాయాధికారి ఎదుట ఆ క్యాసెట్టు వెయ్యాలని ఏర్పాటు. పదకొండూ నలభైకి ప్రొజెక్టర్ ఆన్ చేశారు. తెర మీద నీలం వెలుగొచ్చింది. నాలుగు లెక్కపెట్టేలోపు పెట్టె లోపల ఢామ్మని పేలి పొగ కమ్మేసింది. జనం ముందు గుమ్మంలోంచి బయటపడ్డారు. పొగ తగ్గాక చూస్తే వీసీఆర్‌లో క్యాసెట్టు లేదు, దాని పక్కన కూర్చున్న చైతన్యా లేడు.

రాత్రంతా ఇంటికి రాలేదు. తెల్లారగట్ల వాళ్ళమ్మ పున్నమ్మ మొదటి బస్సెక్కి చిలకలూరిపేట వచ్చి నా తలుపు తట్టింది.

నా పేరు కోటేశ్వరి. ఇన్సూరెన్సు కంపెనీలకూ, పోలీసులు పట్టించుకోని వాళ్ళకూ ఎంక్వయిరీలు చేసిపెడతాను. అంతకు ముందు పద్నాలుగేళ్ళు టీవీలు, వీసీఆర్‌లు బాగుచేశాను. ఆ పని మానేసినా టూల్ బ్యాగు నన్ను వదల్లేదు. కుదురుగా కూర్చోమంటే నాకు ఒంటిమీద తేళ్ళూ జెర్రులూ పాకినట్టుంటుంది. ఆ పొద్దుటి సంగతి చెప్పనే అక్కర్లేదు. పున్నమ్మ నా వెనకే నిలబడి, నేను ఎటు తిరిగితే అటు నా ముఖం వంకే చూస్తోంది.

సీఐ కుర్చీలోంచి లేవకుండానే తన లెక్క వినిపించాడు. కరెంటు లైన్లో ఒక ఫేజు తీగ ఇంకోదానికి తగిలి నాలుగొందల ఓల్టులు వచ్చాయట. మిషను కాలిందట. దొరికిందే సందని చైతన్య క్యాసెట్టు లాక్కుని, బుల్లయ్యకు అమ్ముకుని, ఏ హైదరాబాదు బస్సో ఎక్కేశాడట. ఆయనకో సాక్షి కూడా ఉంది. గోడౌను వెనక గోతాలు కుట్టుకునే జాన్‌బీ. చైతన్య భుజాన సంచీతో వెనక తలుపులోంచి గబగబా వెళ్ళడం ఆమె చూసింది. ముందు ఎవరైనా ఉన్నారేమో గోతాల దొంతుల అడ్డంలో కనపడలేదంది. అతన్నెవరూ లాక్కెళ్ళలేదు, తన కాళ్ళతో తనే నడిచాడంది.

ఆ కాళ్ళకి ఏమున్నాయని అడిగాను. జాన్‌బీ ఆవలింత ఆపుకుంటూ కాసేపు ఆలోచించి, ఏమీ లేవంది.

ముందు గుమ్మం దగ్గరికెళ్ళాను. ఒక మూలన తోలు చెప్పులు ఒక జత మిగిలిపోయి ఉన్నాయి. పున్నమ్మ వాటిని చూడగానే కూలబడి, కొంగుతో దుమ్ము తుడవడం మొదలుపెట్టింది. ఆ చెప్పులు ఎవరివో నేనిక అడగలేదు.

"కంగారులో చెప్పులు మర్చిపోవడం నేరమేం కాదు కదండీ" అన్నాడు సీఐ.

"పారిపోయేవాడు ఈ తుమ్మముళ్ళలో ఒట్టికాళ్ళతో పోడు సీఐ గారూ. రెండు నిమిషాల్లో వెనక్కొస్తాననుకున్నవాడే చెప్పులు వదిలేసి వెళ్తాడు. ఎవరో తెలిసిన మనిషి ఇటు రమ్మన్నాడు, ఇతను వెళ్ళాడు."

ఆయన వాచీ చూసుకున్నాడు.

రైతు సంఘం ప్రెసిడెంటు జానకిరామయ్య పున్నమ్మను లేవదీసి, కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. అరవై దాటిన మనిషి, ఇస్త్రీ నలగని తెల్లబట్టలు, మైకు అక్కర్లేని గొంతు. నిన్నటి సభ పెట్టించింది ఆయనే. పేలినప్పుడు ఎక్కడున్నారని అందరినీ అడిగినట్టే ఆయన్నీ అడిగాను.

"నేను లేనమ్మా ఇక్కడ, అదే నా ఖర్మ. పొద్దున్నే చేలో మోటరేసి వచ్చా. పదకొండు దాటాక గుర్తొచ్చింది, నీళ్ళు పొర్లి పక్కోళ్ళ మిరపతోటలో పడతాయని పరిగెత్తా. మోటరు కట్టేసి గట్టెక్కుతుంటే ఢామ్మని వినపడింది" అన్నాడు. నేనుంటే ఆ కుర్రోణ్ణి కాపాడుకునేవాణ్ణని కళ్ళు ఒత్తుకున్నాడు కూడా.

పుస్తకంలో రాసుకున్నాను: ప్రెసిడెంటు, 11.10 నుంచి 11.50 దాకా చేలో, మోటరు.

తర్వాత పున్నమ్మ వైపు తిరిగాను. వీసీఆర్‌లో పెట్టింది కాపీ అయి ఉంటుంది, కెమెరాలో తీసిన అసలుది ఎక్కడుందని అడిగాను. పెళ్ళి వీడియోలవాళ్ళెవరూ అసలు క్యాసెట్టును బయటికి తీసుకురారని నాకు తెలుసు.

"ఇంట్లోనే ఉందమ్మా. ఎక్కడ పెట్టాడో నాకొక్కదానికే తెలుసు. నిన్న తెచ్చింది సగమేనంట. పూర్తిదాంట్లో బుల్లయ్య ఒక్కడే లేడమ్మా, ఇంకా ఉన్నారు, నేను చెప్పిందాకా ఎవరికీ ఇవ్వబాకన్నాడు."

అది చేతికొస్తే చాలు, నిన్నటి సభ ఇవాళే మళ్ళీ పెట్టొచ్చు, చైతన్యను దాచినవాళ్ళకు ఇక దాచి లాభముండదు. వెంటనే వెళ్ళి తెమ్మన్నాను. బస్సుకు ఇంకా గంటుంది. జానకిరామయ్య తన జీపులో తీసుకెళ్ళి అరగంటలో తీసుకొస్తానన్నాడు. పున్నమ్మకు మోకాళ్ళ నొప్పులు. నేనే రెక్క పట్టి జీపెక్కించి, తలుపు వేసి, త్వరగా రండని చెప్పాను. అప్పుడు టైము పదీ పది.

ఇక ప్రొజెక్టర్ సంగతి చూడాలి. దాని యజమాని పేరయ్య నరసరావుపేట మనిషి. క్రికెట్ మ్యాచీలకూ పెళ్ళిళ్ళకూ అద్దెకు తిప్పుతాడు, మెకానిక్కు పనీ తనే చేసుకుంటాడు. బొంబాయిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నదది. నేను మూత విప్పుతానంటే అతను అడ్డం నిలబడ్డాడు. లైన్ ఫాల్టు అని సీఐ గారే చెప్పాక మళ్ళీ విప్పడమెందుకన్నాడు. సొంత మిషను ఎందుకు పోయిందో తెలుసుకోవద్దనే మెకానిక్కును నేనెప్పుడూ చూడలేదు. పక్కకు జరగమన్నాను.

ముందు బయటివి చూశాను. గోడలోని ప్లగ్గులో రెండొందల ఇరవై ఓల్టులు సరిగ్గా ఉన్నాయి. తీగ బాగానే ఉంది. అదే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు పెట్టిన వీసీఆర్‌నూ, మైకు యాంప్లిఫయర్‌నూ ఆన్ చేస్తే రెండూ చక్కగా వెలిగాయి. నాలుగొందల ఓల్టులు వచ్చి పక్కపక్కనే ఉన్న మూడింట్లో ఒకదాన్నే ఏరుకుని కాల్చాయంటే నమ్మడానికి నేను సీఐని కాదు.

మూత తీయగానే కుళ్ళిన చేపల వాసన గుప్పుమంది. పవర్ సప్లై బోర్డు మీద వేలెడంత కెపాసిటర్లు రెండుంటాయి, ఒకటి నెత్తి చీలి లోపలి కాగితం బయటికొచ్చింది, రెండోది ఉబ్బిపోయి ఉంది. వీటిలో కరెంటు నిలవ ఉండిపోతుంది, ముట్టుకుంటే మనిషిని విసిరికొడుతుంది. బ్యాగులోని అరవై వాట్ల బల్బు తీగల్ని రెంటికీ తాకించి, నిలవేమీ లేదని తేలాకే వేలు పెట్టాను. ఫ్యూజు గాజు లోపల మసిబారి నల్లగా ఉంది. నెమ్మదిగా తెగిన ఫ్యూజు అలా ఉండదు, లోపల ఒక్కసారిగా షార్టయితేనే అలా అవుతుంది.

తర్వాత నా కళ్ళు ఫ్యూజు పక్కనున్న నీలం బిళ్ళ మీద పడ్డాయి. రూపాయి బిళ్ళంత ఉంటుంది. లైన్లోంచి ఎక్కువ ఓల్టేజి వస్తే గుమ్మంలో కాపలావాడిలా ముందు అదే దెబ్బ తింటుంది, పగిలి ముక్కలవుతుంది. ఇక్కడ అది చెక్కుచెదరలేదు. మీటరు పెట్టి చూశాను, నిక్షేపంగా ఉంది. అంటే బయటినుంచి వచ్చింది మామూలు కరెంటే, లోపలే దాన్ని రెట్టింపు చేసుకునే ఏర్పాటు ఏదో జరిగింది.

పెట్టెను వెనక్కి తిప్పాను. తీగ గుచ్చే చోటు పక్కన గోరంత ఎర్ర మీట. ఇటు జరిపితే రెండొందల ఇరవై, అటు జరిపితే నూట పది. విదేశాల్లో వాడిన మిషన్లకు ఇది ఉంటుంది. నూట పది మీద ఉంచి మన కరెంటు ఇస్తే కెపాసిటర్లు తట్టుకోలేక నాలుగైదు సెకన్లలో పేలతాయి. మీట ఇప్పుడు రెండొందల ఇరవై మీదే ఉంది, ఉండాల్సిన చోటే.

కానీ దాని మీద బొట్టుంది. దసరా ఆయుధపూజకు పేరయ్య పెట్టాడు, తడి పసుపు మీద కుంకుమ. సగం మీట మీద, సగం పెట్టె మీద పడి, ఆరు వారాల్లో ఎండి పెచ్చుకట్టింది. ఆ పెచ్చు ఇప్పుడు నడిమికి విరిగి ఉంది. కుంకుమ పొడి మీట జరిగే గాడిలో నూట పది అంకె దాకా రాసుకుని ఉంది.

పేరయ్యను పిలిచి ఆ గాడి చూపించాను. దీన్ని ఎవరు జరిపారని అడిగాను. ఎవరూ జరపలేదన్నాడు. లైన్ ఫాల్టన్నాడు. ఈ ఊళ్ళో మొన్ననే రెండు టీవీలు కాలాయన్నాడు. ఒక్కో మాటకూ గొంతు సన్నబడుతోంది. నాకు ఓపిక తక్కువ, టైము అంతకంటే తక్కువ.

"పేరయ్యా, ఒక తల్లి కొడుకు కోసం రాత్రంతా నిద్రపోలేదు. నువ్వు చెప్పే అబద్ధం వల్లే పోలీసులు అతన్ని వెతకడం లేదు. మీటను వెనక్కి జరిపింది నువ్వే. గోటి గీత కూడా ఉంది దీని మీద."

అతను నేల మీద కూర్చుండిపోయాడు. పేలిన తర్వాత పొగలోనే మిషను దగ్గరికి వచ్చి చూస్తే మీట నూట పది మీద ఉందట. ఆన్ చేసేముందు గుడ్డతో తుడిచేటప్పుడు తనే జరిపేశాననుకున్నాడట.

"నా చేత్తో నేనే ఊరిని ముంచాననుకున్నానమ్మా. రెండొందల మంది ఆశ పెట్టుకున్న బొమ్మ అది. చెబితే నన్ను బతకనిస్తారా? గోటితో జరిపేసి కరెంటు మీద తోసేశా" అన్నాడు. ఏడుస్తున్నాడు. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఒక మెకానిక్కు భయంతో చెప్పిన ముక్కే సీఐ రిపోర్టులో మొదటి వాక్యమైంది.

నిన్న పదకొండింటికి అతను మిషను పరీక్షించాడు. పాత క్రికెట్ క్యాసెట్టు రెండు నిమిషాలు ఆడింది. పదకొండూ పదికి ప్రెసిడెంటు వచ్చి, జనం కూడేలోపు టిఫిను చేసి రమ్మన్నాడు. తనూ మోటరు కట్టేయడానికి వెళ్తున్నానన్నాడు. పేరయ్య పదకొండూ ముప్పై అయిదుకి తిరిగొచ్చాడు. మధ్యలో ఇరవై అయిదు నిమిషాలు మిషను దగ్గర ఎవరూ లేరు. గోటితో నెట్టందే కదలని మీట గుడ్డకు జరగదు, జరిగింది అప్పుడే.

పదీ నలభైకి సీఐ ముందు నిలబడ్డాను. అంతా విని, పేరయ్యను పైకీ కిందికీ చూసి, సాక్ష్యం తారుమారు చేసినందుకు ముందు వీణ్ణి లోపలేస్తానన్నాడు. మిగతాది మాత్రం ఆయన తలకెక్కలేదు. రేడియోలు బాగుచేసుకునే ఆడమనిషి తన కేసు తిరగరాయడం ఆయనకు మింగుడు పడటం లేదు.

"నీలం బిళ్ళ, ఎర్ర మీట, బొట్టు. కోర్టులో చెబితే జడ్జి గారు నవ్వుతారు మేడమ్. వీడు భయపడి ఏదో వాగుతున్నాడు. చేలకి త్రీఫేజు కరెంటు నడిచే టైములో తీగలు తగిలితే నాలుగొందలు వస్తాయి. కరెంటోళ్ళే చెప్పారు నాకు."

"త్రీఫేజు నడిచే టైములో. అంతే కదా?"

"అంతే."

సొసైటీ ఫోన్లోంచి సబ్‌స్టేషనుకు చేశాను. ఈ ఊళ్ళకు త్రీఫేజు రోజంతా ఉండదు. వంతుల ప్రకారం ఏడెనిమిది గంటలిస్తారు, మిగతా టైమంతా ఇళ్ళల్లో దీపాలకు సరిపడా సింగిల్ ఫేజే. ఆపరేటరు లాగ్‌బుక్కు తెచ్చుకుని చదివాడు. రిసీవరు సీఐ చెవి దగ్గర పెట్టి, మళ్ళీ చెప్పమన్నాను.

"ఆదివారం నుంచి కొలిమిగుంట ఫీడరుకి వంతు మారిందండీ. రాత్రి పది నుంచి తెల్లారి అయిదు దాకానే త్రీఫేజు. పగలంతా సింగిలే. నిన్న పదకొండూ నలభైకీ సింగిలేనండి, నేనే డ్యూటీలో ఉన్నా" అన్నాడు అవతలివాడు.

సీఐ రిసీవరు పెట్టేసి టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. సింగిల్ ఫేజులో నాలుగొందల ఓల్టులు ఎక్కడినుంచీ రావు. అది నేను చెప్పక్కర్లేకపోయింది. నిజం చెప్పొద్దూ, నాకు ఒళ్ళు పులకరించింది. ఆయన ముఖం చూస్తూ, నెమ్మదిగా, ఆయనకు కనపడేలా పుస్తకం తెరిచి రాశాను: మంగళవారం పగలు త్రీఫేజు లేదు.

సీఐ రిపోర్టు కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. కిడ్నాపు కేసు కడతానన్నాడు. ఎవరి మీద కట్టమంటారన్నట్టు చూశాడు.

నా కళ్ళు ఇప్పుడే రాసిన ముక్క మీదినుంచి దాని పైముక్క మీదికి పాకాయి. ప్రెసిడెంటు, 11.10 నుంచి 11.50 దాకా చేలో, మోటరు.

త్రీఫేజు లేకపోతే చేలో మోటరు తిరగదు.

పొద్దున్నే వేసిన మోటరు లేదు, పొర్లిన నీళ్ళు లేవు, గట్టు లేదు. వంతు రాత్రికి మారిందని ఈ ఊళ్ళో పత్తి వేసిన ప్రతివాడికీ తెలుసు. జాన్‌బీ ఆవలింతలు కూడా అందుకే, ఆమె మొగుడు మూడు రాత్రులుగా నీళ్ళు కడుతున్నాడు, వెంట ఆమే లాంతరు పట్టుకుంటోంది. అడిగితే చెప్పింది. తెలియనివాడు ఒక్కడే, రైతుల కష్టాలను ఇరవై ఏళ్ళుగా మైకులో చెబుతున్నవాడు. జానకిరామయ్య ఎనిమిదెకరాలూ కౌలుకిచ్చి నాలుగేళ్ళయిందని పేరయ్య పక్కనున్న సొసైటీ గుమాస్తా అన్నాడు. చేలోకి వెళ్ళి చాలా కాలమైంది, అయినా రైతు చెప్పాల్సిన సాకు అదేనని చెప్పేశాడు. పల్లెటూరి మాట కదాని నేనూ పుస్తకంలో ఎక్కించుకున్నాను.

"పిలిస్తే చైతన్య చెప్పులు కూడా వేసుకోకుండా వెళ్ళేది ఎవరి వెనకాల?" అన్నాను. "క్యాసెట్టు జాగ్రత్త, ఇటు తీసుకురా అని ఎవరంటే నమ్ముతాడు?"

సీఐ ఒక్క అడుగు నా వైపు వేశాడు. ఇప్పుడాయన గొంతులో వెటకారం లేదు. "కోటేశ్వరి గారూ, ఆ పెద్దావిడ ఎక్కడ?"

పదీ యాభై అయింది. అరగంటలో వస్తానన్న జీపు నలభై నిమిషాలైనా రాలేదు. పూర్తి క్యాసెట్టులో బుల్లయ్యే కాదు ఇంకా ఉన్నారని ఆమె చెప్పింది అతని ఎదుట. అడిగింది నేను. త్వరగా రండని చెప్పి తలుపు వేసింది నేను. ఇంత సిగ్గు నా జన్మలో ఎరగను.

సీఐ బయటికి పరిగెత్తి వైర్‌లెస్‌లో జీపు నంబరు అరుస్తున్నాడు. పున్నమ్మ పక్కింటి జైనాబీకి ఫోనుంది, అవసరమైతే చెయ్యమని పొద్దున ఆ నంబరు పున్నమ్మే నాకిచ్చింది. చేశాను. తొమ్మిది రింగుల దాకా ఎవరూ ఎత్తలేదు. పదోదానికి ఎత్తింది.

పున్నమ్మను కాస్త పిలవమన్నాను.

"లేదమ్మా, ఇప్పుడే వెళ్ళిపోయిందిగా. వచ్చి డబ్బాలోంచి ఏందో తీసుకుంది, మళ్ళీ జీపెక్కింది" అంది జైనాబీ. ఆమె గొంతులో సంతోషం పొంగుతోంది. "నిన్నట్నుంచీ ఏడుపే కదా, ఇప్పటికి నవ్వింది మా అక్క. చైతన్య ఎక్కడున్నాడో పెసిడెంటు గారికి తెలిసిందంట. నేరుగా వాడి దగ్గిరికే తీసుకెళ్తున్నాడంట."